విద్యార్థి చిత్రాలకు కథ, శబ్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి లఘుచిత్రం తీయబోయే విద్యార్థులు ఎక్కువగా కెమెరా గురించి అడుగుతారు. ఈ పేజీలో కెమెరా గురించి దాదాపు ఏమీ లేదు. కథ రాయడం, శబ్దం పట్టుకోవడం ఒకే పనిలోని రెండు దశలని నా గట్టి నమ్మకం. సన్నివేశంలో ఏం వినబడాలో కాగితం మీదే తేలకపోతే, లొకేషన్‌లో ఎంత మంచి మైకు పెట్టినా ఏం పట్టుకోవాలో దానికి తెలియదు. అందుకే ప్రశ్నలు కథతో మొదలై, మైకుల మీదుగా ఎడిటింగ్ దాకా వెళతాయి. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. అయితే రేడియో తాతయ్య ఉదాహరణ చాలా జవాబుల్లో వస్తుంది కాబట్టి రెండో ప్రశ్న మాత్రం చదివి వెళ్లండి.

ఐదు నిమిషాల సినిమాకు ఎంత కథ సరిపోతుంది?

మీరు అనుకుంటున్న దానిలో సగం, చాలాసార్లు సగంలో సగం. ఒక మనిషి, ఆ మనిషికి ఈ పూట కావలసిన ఒక్క విషయం, దానికి ఒక అడ్డు, చివర ఒక నిర్ణయం. ఇంతకు మించి ఐదు నిమిషాల్లో ఇమడదు. బాల్యం నుంచి పెళ్లి దాకా సాగే కథను కుదిస్తే ట్రైలర్ మిగులుతుంది. కథాకాలం ఎంత తక్కువైతే అంత మంచిది: ఒక సాయంత్రం, ఒక ప్రయాణం, ఒక భోజనం. సన్నివేశంలోకి వీలైనంత ఆలస్యంగా అడుగుపెట్టండి. పాత్ర నిద్రలేచి, పళ్లు తోముకుని, అద్దంలో చూసుకునే ప్రారంభం రాసి ఉంటే కొట్టేసి, ఆ మనిషికి మొదటి ఇబ్బంది ఎదురైన చోట మొదలుపెట్టండి.

నా దగ్గర ఒక ఆలోచన ఉంది. అది కథ అవుతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

"వృద్ధుల ఒంటరితనం" ఒక అంశం. "వినికిడి తగ్గిన తాతయ్య, ఆయనతో ఉండే మనవరాలు" ఒక పరిస్థితి. రెండూ ఇంకా కథ కాలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి, చేశాక వెనక్కి వెళ్లే దారి మూసుకుపోవాలి.

ఆ పరిస్థితినే కాస్త ముందుకు నెడదాం. తాతయ్య రేడియో పెద్దగా పెట్టుకుని వింటుంటాడు. చెవులు మందగించాయని ఆయన ఒప్పుకోడు, ఇంట్లో మాత్రం అందరికీ తెలుసు. మనవరాలు చదువు మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం ఆయన వెనక కూర్చుని, ఎలాగూ వినబడదన్న ధైర్యంతో ఆ మాట పైకి అనేస్తుంది. రేడియో నాబ్ మీద ఆయన చేయి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత శబ్దం ఇంకొంచెం పెంచుతాడు.

ఇప్పుడు ఇది కథ. ఆయన విన్నాడు, విననట్టు ఉండిపోవాలని నిర్ణయించుకున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలిసిందా లేదా అన్నది మీ తర్వాతి షాట్ చెబుతుంది. మీ ఆలోచనను కూడా ఇలాగే పరీక్షించండి: పాత్ర తీసుకున్న నిర్ణయాన్ని మాటల సాయం లేకుండా ఒక్క చేష్టలో చూపించగలరా? చూపించగలిగితే రాయడం మొదలుపెట్టవచ్చు. లేకపోతే ఆ మనిషికి ఏం కావాలో మీకు ఇంకా తెలియదన్నమాట.

స్క్రిప్టులో శబ్దాలు కూడా రాయాలా? అది సౌండ్ చూసేవాళ్ల పని కదా?

రాయాలి, కానీ కథకు పనికొచ్చేవి మాత్రమే. "దూరంగా రైలు కూత, కుక్కల అరుపులు, ఈదురుగాలి" అని ప్రతి సన్నివేశానికీ అలంకారంగా తగిలిస్తే చదివేవాళ్లు దాటేస్తారు. ఒక శబ్దం వల్ల పాత్ర ఏదైనా చేస్తే, చేయబోయి మానుకుంటే, లేదా ప్రేక్షకుడికి కొత్త సంగతి తెలిస్తే అది స్క్రిప్టులో ఉండాలి.

నేను విద్యార్థుల చేత చేయించే పని ఒకటుంది. స్క్రిప్టు పూర్తయ్యాక ప్రతి సన్నివేశం పక్కన మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో తెర మీద పుట్టే శబ్దాలు: మాటలు, కుర్చీ జరపడం, నాబ్ తిప్పడం. రెండో గడిలో తెర వెలుపలి నుంచి వచ్చేవి: పక్కగదిలో ఎవరో నడవడం, వీధిలో స్కూటరు ఆగడం. మూడో గడిలో సన్నివేశం మొదట్లో వినబడి చివరికి పోయినదీ, మొదట లేక చివర వచ్చినదీ రాయండి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ సన్నివేశాన్ని మీరు ఇంకా చెవితో ఆలోచించలేదు.

తాతయ్య కథలో ఒక చిక్కు ఉంది, గమనించారా? రేడియో అంత పెద్దగా మోగుతుంటే, చెవులు మందగించిన మనిషికి ఆ మాట ఎలా వినబడింది? మూడో గడి నింపుతుంటే జవాబు దొరుకుతుంది. ఒక పాట ముగిసి తర్వాతి కార్యక్రమం మొదలయ్యే ముందు రెండు క్షణాల ఖాళీ వస్తుంది. ఆమె పాట మీద మాటలు మొదలుపెట్టింది, కానీ అసలు మాట సరిగ్గా ఆ ఖాళీలో పడింది. కథ మొత్తం ఆ రెండు క్షణాల నిశ్శబ్దం మీద నిలబడుతుంది. షూటింగ్ అయ్యాక ఎడిటింగ్‌లో దీన్ని కనిపెట్టి ఉంటే ఆ విరామానికి తగ్గ నటన, షాట్లు చేతిలో ఉండేవి కావు.

"ఒక పేజీ అంటే ఒక నిమిషం" అన్న లెక్క నమ్మవచ్చా?

అది ఇంగ్లిష్ స్క్రీన్‌ప్లేలను 12 పాయింట్ల కొరియర్ అనే ఫాంటులో, ఒక నిర్ణీత అమరికలో టైపు చేసే పద్ధతికి సరిపోయే ఉజ్జాయింపు. తెలుగు అక్షరాలకు, చేతిరాతకు పనిచేయదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని బిగ్గరగా చదవండి. మౌనాలను కూడా నిజంగా ఆగి లెక్కపెట్టండి.

నా సంభాషణలు పాఠం అప్పజెప్పినట్టు ఉంటున్నాయి. ఎలా బాగుచేయాలి?

ఇద్దరు స్నేహితుల చేత చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రోజు వినకండి, మర్నాడు వినండి. రాసిన వేడి చల్లారాక తప్పులు వాటంతటవే చెవిన పడతాయి. సాధారణంగా మూడు దొరుకుతాయి. ఇద్దరికీ తెలిసిన సంగతినే ప్రేక్షకుడి కోసం ఒకరికొకరు చెప్పుకోవడం మొదటిది: "నీకు తెలుసు కదా, నాన్న పోయి మూడేళ్లయింది." ప్రతి వాక్యంలోనూ ఎదుటివాళ్ల పేరు పెట్టి పిలవడం రెండోది. అడిగిన ప్రతి ప్రశ్నకూ తిన్నగా జవాబు రావడం మూడోది. నిజజీవితంలో మనుషులు ఇబ్బందికరమైన ప్రశ్నకు మరో ప్రశ్న వేస్తారు, చేతిలో పని వెతుక్కుంటారు, లేదా చివరి మాట మింగేస్తారు. అక్కడ మౌనం రాయండి. ఆ మౌనంలో ఏం వినబడుతుందో కూడా రాయండి.

మాటలే లేకుండా తీస్తే శబ్దం సమస్య ఉండదు కదా?

పెరుగుతుంది. మాట ఉన్నప్పుడు చెవి దాన్ని పట్టుకుని మిగతావి వదిలేస్తుంది. మాట లేనప్పుడు గుడ్డల రాపిడి, అడుగుల బరువు, గది గాలి అన్నీ ముందుకు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. చేయదగ్గ పనే, కానీ సులువైన దారి అనుకుని మాత్రం దిగకండి.

సినిమా తీయకముందే చెవికి సాధన ఎలా?

రోజూ ఒకే చోట పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. తర్వాత విన్నవాటిని దగ్గరవి, మధ్యవి, దూరంవి అని విడదీసి రాయండి. వారం గడిచేసరికి మీ గదికి ఒక స్వరం ఉందని తెలుస్తుంది.

రెండో సాధన ఇంకా ఫలవంతం. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో ఒక నటుడి ముఖాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన అతికించి చూపించాడు. ముఖం అదే అయినా, పక్కనున్న దృశ్యాన్ని బట్టి చూసేవాళ్లు అందులో వేర్వేరు భావాలు చూశారని చెబుతారు. మీరు దీన్ని శబ్దంతో చేయండి. ఒక స్నేహితురాలు కిటికీ బయటికి చూస్తున్న 15 సెకన్ల షాట్ తీసుకోండి. దాని కింద ఒకసారి పిల్లలు ఆడుకునే శబ్దం, ఒకసారి అంబులెన్స్ దగ్గరికి వచ్చి ఆగిపోవడం, ఒకసారి ఎవరో తలుపు తాళం తీయడం పెట్టి చూడండి. ముఖం మారదు, ఆమె ఆలోచన మారిపోతుంది. నేను చెప్పే అభ్యాసాల్లో ఒక్కటే చేసే తీరిక ఉంటే ఇది చేయండి.

నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. దానితో కుదురుతుందా?

కుదురుతుంది. ఒక ఫోనుతో చిత్రం తీస్తూ, రెండో ఫోనును మాట్లాడే మనిషికి దగ్గరగా దాచి శబ్దం రికార్డు చేయండి. బల్ల మీద పుస్తకం వెనకో, చొక్కా జేబులోనో పెట్టవచ్చు. బల్ల మీద పెడితే కింద మెత్తని గుడ్డ వేయండి, లేకపోతే చేయి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ మైకుకు ఎక్కుతుంది. ఫోన్లను విమానం మోడ్‌లో పెట్టడం మరవకండి.

రెండు జాగ్రత్తలు. ఫోన్లు చాలావరకు శబ్దస్థాయిని తమంతట తామే సర్దుతాయి: మనిషి మాట్లాడినప్పుడు తగ్గించి, ఆగినప్పుడు పెంచుతాయి. అందుకే మౌనం వచ్చిన ప్రతిసారీ వెనకటి రొద ఉబికి వచ్చినట్టు ఉంటుంది. దీన్ని ఆపే వీలున్న రికార్డింగ్ యాప్ వాడండి. ఇంకొకటి, చాలా ఫోన్ల వీడియోలో సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య స్థిరంగా ఉండదు. విడిగా తీసిన శబ్దాన్ని జత చేస్తే మొదట పెదవులకు సరిపోయి, తర్వాత మెల్లగా జరిగిపోతుంది. ఎడిటింగ్‌కు ముందే వీడియోను స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఏ మైకు కొనాలి?

ముందు చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ కొనండి. వినకుండా రికార్డు చేయడం కళ్లు మూసుకుని ఫోకస్ చేయడం లాంటిది. మైకును కళాశాల నుంచో, స్నేహితుల నుంచో, అద్దెకో తెచ్చుకోవచ్చు.

రకాల విషయానికి వస్తే, దుస్తులకు తగిలించే కాలర్ మైకు సాధారణంగా అన్ని వైపుల నుంచీ వింటుంది. నోటికి దగ్గరగా ఉండటమే దాని బలం. గడ్డానికి జానెడు కింద, బట్ట రాసుకోని చోట పెట్టాలి. షాట్‌గన్ మైకు ముందు వైపు శబ్దాన్ని ఎక్కువగా, పక్కలవి తక్కువగా తీసుకుంటుంది. బయట బాగా పనిచేస్తుంది. చిన్న గదుల్లో మాత్రం గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాలు దాని గొట్టంలోకి పక్కల నుంచి దూరి మాటకు ఒక డొల్లతనం తెస్తాయి. అలాంటి చోట పొట్టిగా ఉండి, ముందు వైపు నుంచే ఎక్కువగా వినే హైపర్‌కార్డియాయిడ్ రకం మైకు మెరుగు. కొన్ని మైకులకు రికార్డర్ నుంచి కేబుల్ ద్వారా 48 వోల్టుల కరెంటు కావాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. అది ఆన్ చేయక "మైకు చచ్చిపోయింది" అని తిరిగిచ్చేసేవాళ్లు ఉన్నారు.

మైకు ఎంత దూరంలో ఉండాలి?

ఫ్రేములోకి రాకుండా ఎంత దగ్గరికి వస్తే అంత. ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే మాట స్థాయి దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలో మాట పడిపోయినా గది రొద, ప్రతిధ్వని అలాగే ఉంటాయి. స్థాయిని తర్వాత పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. దూరంగా పట్టిన మాటకు "బావిలోంచి వచ్చినట్టు" ఉండే గుణం దీనివల్లే వస్తుంది, అది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. బూమ్ మైకు, అంటే పొడవాటి కర్ర చివర బిగించిన మైకు, తలకు పైన, కొంచెం ముందుగా, అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల లోపల ఉండి, నోటి వైపు చూస్తుండాలి. కెమెరా మీద బిగించిన మైకు కెమెరా ఉన్న చోటి నుంచే వింటుంది, ఎంత ఖరీదైనదైనా అంతే.

బూమ్ పట్టుకోవడం ఎవరికైనా అప్పగించవచ్చా?

అప్పగించవచ్చు, కానీ ఆ మనిషికి సంభాషణలు కంఠస్థం వచ్చి ఉండాలి. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో ముందే తెలిస్తేనే మైకు మాటకన్నా ఒక్క క్షణం ముందు అటు తిరుగుతుంది. చేతులు తలపైకి నిటారుగా ఎత్తితే బరువు ఎముకల మీద పడుతుంది, వంచితే కండరాలు తొందరగా వణుకుతాయి. ఉంగరాలు, గాజులు తీసేయాలి. టేక్‌కు ముందు మైకును ఫ్రేములోకి దించి, కెమెరా దగ్గరున్నవాళ్లు "కనబడటం లేదు" అనేదాకా పైకి జరపడం మంచి అలవాటు. దాని నీడ ఎక్కడ పడుతోందో కూడా చూడాలి.

రికార్డింగ్ సెట్టింగులు ఏమిటి?

వీడియోకు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫార్మాట్. ఒక మైకుకు గంటకు దాదాపు 520 మెగాబైట్లు పడుతుంది, కాబట్టి ఎంపీత్రీతో పొదుపు చేయవలసిన అవసరం లేదు. మీటరులో మాట సాధారణంగా మైనస్ 20 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండి, పెద్ద మాటలు మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్, అంటే రికార్డర్ మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో, పెట్టండి. సున్నా తాకితే శబ్దం చిట్లుతుంది. రిహార్సల్‌లో నటులు మెల్లగా మాట్లాడి టేక్‌లో గొంతు పెంచుతారు, అందుకు చోటు ఉంచండి. స్థాయి ఎక్కువైనా తక్కువైనా తర్వాత సరిదిద్దుకోనిచ్చే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే ఆ విషయంలో నిశ్చింత. కానీ దూరంగా పెట్టిన మైకును అది దగ్గరికి తేలేదు.

లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి?

షూటింగ్ జరిగే వేళకే వెళ్లండి. ఉదయం ప్రశాంతంగా ఉన్న ఇల్లు, సాయంత్రం బడి వదిలాక వేరే ఇల్లు. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. శబ్దం మోగి సాగితే గోడలకు దుప్పట్లు, పరుపులు, మందపాటి కర్టెన్లు కావాలి. ఫ్రేములో కనబడని గోడలన్నింటికీ వేయవచ్చు. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్, నీటి మోటారు స్విచ్చులు ఎక్కడున్నాయో తెలుసుకోండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళాలు దాని లోపల పెట్టండి. వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరిచి, మళ్లీ ఆన్ చేస్తారు. సౌండ్ రికార్డిస్టుల్లో ఇది పాత అలవాటు.

సన్నివేశంలో రేడియో మోగుతుంటే ఎలా రికార్డు చేయాలి?

టేక్ జరుగుతుండగా రేడియో మోగకూడదు. ఒక టేక్‌లో పాట పల్లవి దగ్గర ఉంటుంది, ఇంకో టేక్‌లో చరణం దగ్గర. ఆ రెండింటినీ కత్తిరించి కలిపితే ప్రతి కట్ దగ్గరా పాట గెంతుతుంది. పైగా మాట కింద ఇరుక్కున్న పాటను విడదీయలేరు.

తాతయ్య సన్నివేశాన్నే తీసుకుందాం. ముందు రిహార్సల్‌లో రేడియో నిజంగానే మోగించండి. ఆ హోరులో నటి సహజంగా ఎంత గొంతు పెంచుతోందో గమనించి, స్థాయి రాసుకోండి. టేక్‌లో రేడియో ఆపేయగానే ఆమె తెలియకుండానే గొంతు తగ్గిస్తుంది, అందరూ అంతే. అప్పుడు గుర్తుచేయండి. లేకపోతే ఎడిటింగ్‌లో పెద్ద రేడియో మీద గుసగుసలాడే అమ్మాయి మిగులుతుంది. ఖాళీ ఎక్కడ వస్తుందో నటులకు తెలియాలి కాబట్టి ఒకరు కెమెరా వెనక నుంచి చేయి ఎత్తి, పాట ఆగిన క్షణాన దించాలి. ఆమె గొంతు అప్పటికింకా పెద్దగానే ఉంటుంది. సగం మాటలో ఆ సంగతి గ్రహించి తగ్గిస్తుంది. ఆ తగ్గడమే నటన.

సన్నివేశం అయ్యాక ఆ ఖాళీతో సహా మీరు తయారుచేసుకున్న పాట ట్రాక్‌ను అదే గదిలో, అదే రేడియో నుంచి మోగించి విడిగా రికార్డు చేయండి. ఒకసారి రేడియోకు దగ్గరగా, ఒకసారి మనవరాలు కూర్చున్న చోటి నుంచి, ఒకసారి తలుపు బయటి నుంచి. చిన్న స్పీకరు రేకు గొంతు, గది ప్రతిధ్వని కలిసే వస్తాయి. కంప్యూటర్‌లో ఫిల్టర్లతో ఇంత నిజంగా రాదు. నాబ్ తిరిగే కిరకిర కూడా మైకును బాగా దగ్గర పెట్టి పట్టుకోండి. ఆ సాయంత్రం తాతయ్య గుండె చప్పుడుకు బదులు మనం వినేది అదే.

రూమ్ టోన్ అంటే ఏమిటి, నిజంగా అవసరమా?

ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే శబ్దం. దీపాలు, మనుషులు, సామాను యథాస్థానంలో ఉండగానే, అందరూ కదలకుండా ఒక నిమిషం రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో దర్శకుడి గొంతో, కుర్చీ చప్పుడో తీసేసిన చోట పూర్తి నిశ్శబ్దం పెడితే స్పీకరు పాడైనట్టు అనిపిస్తుంది. ఆ గుంతను పూడ్చేది ఇదే. అందరూ అలసిపోయి సామాను సర్దుకునే వేళ అడగవలసి వస్తుంది కాబట్టి సిగ్గుపడకుండా అడగండి.

క్లాప్ బోర్డు లేకపోతే?

ఫ్రేములో కనబడేలా చేతులతో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. సన్నివేశం, షాట్, టేక్ సంఖ్యలు పైకి చెప్పండి. చేతులు కలిసిన ఫ్రేమునూ, తరంగంలో నిటారుగా లేచిన గీతనూ కలిపితే జత కుదురుతుంది. మొదట్లో క్లాప్ ఇవ్వడం కుదరకపోతే టేక్ చివర బోర్డును తలకిందులుగా పట్టుకుని ఇస్తారు. కెమెరాలో వచ్చే శబ్దాన్ని కూడా ఆపకండి, జత చేసేటప్పుడు దారి చూపిస్తుంది. ఒక లెక్క గుర్తుంచుకోండి: శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది, 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేము కాలానికి 14 మీటర్లు. దూరపు షాట్‌లో కెమెరా మైకు శబ్దం ఒక ఫ్రేము వెనకబడి ఉంటే అది మీ పొరపాటు కాదు.

బయట గాలి హోరుకు ఏం చేయాలి?

మైకుకు బొచ్చు తొడుగు వేయండి. పల్చని స్పాంజి తొడుగు గదిలో నడిచే బూమ్‌కు చాలు, బయట గాలికి చాలదు. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా కిందున్న శబ్దాలను తగ్గించే ఫిల్టరు) పెడితే గొంతుకు పెద్దగా నష్టం లేకుండా కింది గురగుర తగ్గుతుంది.

శబ్దం పాడైతే తర్వాత డబ్బింగ్ చెప్పుకోవచ్చు కదా?

చెప్పుకోవచ్చు. కానీ పరుగెత్తి వచ్చిన ఆయాసం, ఏడుపు మింగిన గొంతు స్టూడియోలో కూర్చుని మళ్లీ తెచ్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. అందుకే అదే రోజు, అదే చోట వైల్డ్ ట్రాక్ తీసుకోండి. విమానం వెళ్లి టేక్ పాడైతే, కెమెరా ఆపి, మైకు దగ్గరగా పెట్టి, నటి చేత ఆ రెండు వాక్యాలను మూడు నాలుగు సార్లు చెప్పించండి. భావం ఇంకా ఒంట్లోనే ఉంటుంది, గదీ అదే, మైకూ అదే.

ఫోలీ మేమే చేసుకోగలమా?

తప్పకుండా. 1920ల చివర సినిమాకు మాట వస్తున్న రోజుల్లో యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ తెర మీది బొమ్మను చూస్తూ అడుగులు, చేతి శబ్దాలు చేసేవాడు. ఆయన పేరే ఆ పనికి నిలిచింది. మీరూ చిత్రాన్ని చూస్తూ, కదలికకు తగ్గట్టు చేయండి: మొదట అడుగులు, తర్వాత బట్టలు, తర్వాత వస్తువులు. అడుగులకు పాత్ర వేసుకున్న చెప్పులే వేసుకోండి, ఆ పాత్ర అలసట కూడా వేసుకోండి. అన్నింటికీ శబ్దం పెట్టకూడదు. ఆ క్షణంలో పాత్ర దేన్ని గమనిస్తోందో దానికి పెడితే చాలు.

నచ్చిన పాట వాడుకోవచ్చా?

అనుమతి లేకుండా వద్దు. ఒక పాటలో రచనకు, బాణీకి, రికార్డింగ్‌కు విడివిడిగా హక్కులుంటాయి. "కొన్ని సెకన్లయితే ఫరవాలేదు" అన్నది ఎక్కడా లేని నియమం. పేరు ఇస్తే వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ సంగీతం ఉంది, దాని షరతులు చదివి వాడండి. అంతకన్నా మంచిది మీతో చదివే సంగీత విద్యార్థిని వెతికి పట్టుకోవడం. తాతయ్య రేడియో పాట కూడా అలా చేయించినదే అయితే ఖాళీ ఎక్కడ రావాలో మీ చేతిలో ఉంటుంది.

ఎడిటింగ్‌లో శబ్దం ఏ వరసలో చేయాలి?

ముందు మాటలు. సంగీతం ఆపేసి, మాటలు ఒక్కటే స్పష్టంగా, సమానంగా వినబడేదాకా ఇంకేమీ ముట్టుకోకండి. తర్వాత రూమ్ టోన్, పరిసరాల శబ్దం, ఫోలీ. సంగీతం ఆఖరున. బొమ్మ, శబ్దం ఒకే చోట కత్తిరించడం కొత్తవాళ్ల అలవాటు. తర్వాతి సన్నివేశం శబ్దాన్ని అర సెకను ముందే రానిస్తే కట్ తెలియకుండా జారిపోతుంది. మాట్లాడేవాళ్ల మీద నుంచి వినేవాళ్ల మీదికి బొమ్మ మారినా మాట కొనసాగితే, కథ వినేవాళ్ల ముఖంలోకి వెళుతుంది. సంభాషణ సన్నివేశాల్లో సగం నాటకం అక్కడే ఉంటుంది.

రొద తీసేసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

ఫ్యాను హోరు లాంటి మారని శబ్దాన్ని కొంతవరకు బాగానే తీస్తాయి. ఎక్కువ తీయిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. స్విచ్ ఆపడానికి ఒక్క క్షణం చాలు.

మా బృందంలో సౌండ్ చేయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

స్క్రిప్టు చదివే మొదటి రోజు నుంచే ఆ మనిషిని కూర్చోబెట్టండి. షూటింగ్ ఉదయం చేతికి కర్ర ఇచ్చి "ఇది పట్టుకో" అంటే ఎవరికి మనసొప్పుతుంది? శబ్దం బాగా లేదని చెప్పి ఇంకో టేక్ అడిగే హక్కు ఆ మనిషికి ఉందని దర్శకులు అందరి ముందు ప్రకటించాలి. వీలైతే ప్రతి ఒక్కరూ ఒక చిత్రానికి సౌండ్ చేయండి, దర్శకత్వం చేయాలనుకునేవాళ్లు ముందుగా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నటులను విన్నవాళ్లకు అబద్ధపు మాట ఎక్కడ పడిందో అందరికన్నా ముందే తెలుస్తుంది.

సినిమా పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

మూడు సార్లు వినండి: హెడ్‌ఫోన్స్‌లో, ఫోను స్పీకరులో, వీలైతే ప్రదర్శన జరిగే హాల్లో. తర్వాత స్క్రిప్టు చదవని ఒకరిని పిలిచి, తెర ఆపేసి, శబ్దం మాత్రం వినిపించండి. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం జరిగింది, ఎవరు ఏం దాచారు అని అడగండి. వాళ్లకు అర్థం కాని మాటలు రాసుకుని, ఆ చోట్లకు వెళ్లి మళ్లీ పనిచేయండి. ఆ వాక్యాలు మీకు వందసార్లు విని కంఠస్థం కాబట్టి స్పష్టంగానే వినబడతాయి. ఈ ఒక్క విషయంలో మీ చెవిని పక్కనపెట్టి కొత్త చెవిని నమ్మండి.